జేబులోకి పోయిన కుడిచెయ్యి

నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, తుప్పు కాల్చడం అని చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వించడానికే చెప్పేవాణ్ణి కానీ అందులో అబద్ధం లేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో, బెంగళూరులో ఒక పెద్ద సైన్సు సంస్థలో నేను మెకానిక్కుని. ఇనప తుప్పులో ఇంకో లోహం తుప్పు కలిపి, నూరి, బిళ్ళ కట్టి, కొలిమిలో కాల్చి, ఆ బిళ్ళ లోపల ఎలా కట్టుకుని ఉందో, సూదంటురాయికి ఎంత లొంగుతుందో చూడడం మా గది పని. కాపరానికొచ్చిన కొత్తలో ఈ మాట విని మా ఆవిడ, "మన తలుపు గొళ్ళేనికి పట్టిన తుప్పు చాలదా, దానికోసరం అంత దూరం పోవాల్నా?" అంది.

ఇప్పుడు అలాంటి గదుల్లో పనిచేసే పిల్లలు ఎక్స్‌రే ఒంటికి ఎంత తగిలిందో చెప్పే బిళ్ళ ఒకటి ఛాతీకి తగిలించుకుంటారు. తలుపు తెరిస్తే చాలు, యంత్రం దానంతటదే ఆగిపోతుంది. మీ అదృష్టం. మాకు ఆ బిళ్ళ లేదు, భయమే మా బిళ్ళ. పొద్దున గదిలోకి అడుగు పెట్టేముందు దాన్ని తగిలించుకునేవాళ్ళం, సాయంత్రం గేటు దాటాక తీసేవాళ్ళం. ఒక్క పండగ పూట మాత్రం అందరం దాన్ని ఇంట్లో మరిచి వచ్చాం. ఆ సంగతే ఇది.

నాలుగో ఫారంలో నేనూ బడీ ఒకరినొకరు వదులుకున్నాం. బడికి బాధ కలిగినట్టు లేదు. తర్వాత మల్లేశ్వరంలో ఒక సైకిలు షాపులో పంక్చర్లు వేశాను. చెయ్యి నమ్మకమైనదని ఎవరో చెబితే సంస్థలో తీసుకున్నారు. అక్కడ నోరు గురించి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఉద్యోగం వచ్చేది కాదు.

మా గదిలో అసలు దేవుడు ఎక్స్‌రే గొట్టం. గది పొడుగునా, పైకప్పుకు కాస్త కిందుగా, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గొట్టం దాకా రెండు ఉత్త రాగితీగలు పోయేవి. పైన తొడుగు లేదు, చుట్టూ కంచె లేదు. స్విచ్చి వేయగానే ఒక ఝుంకారం మొదలయ్యేది. దాని కింద నడిస్తే తల మీది వెంట్రుకలు లేచి నిలబడేవి. నా తల మీద ఇప్పుడు వెంట్రుకలు లేకపోవడానికి అదే కారణమని మనవళ్ళకు చెబుతుంటాను. మా ఆవిడ మాత్రం మా నాన్న ఫోటో చూపిస్తుంది.

ఆ గదికి ఒక్కటే నియమం. గొట్టం నడుస్తున్నప్పుడు ఎడమచెయ్యి జేబులో ఉండాలి. పని ఒక్క కుడిచేత్తోనే. రెండు చేతులూ చాపితే కరెంటు ఒక చేత్తో ఎక్కి గుండె మీదుగా రెండో చేత్తో దిగుతుంది, ఒక చేత్తో అయితే కాస్త బతుకు మిగులుతుంది అని మా మేస్త్రి చెప్పేవాడు. పంచె కట్టినవాళ్ళకు జేబు ఉండదు కనుక చెయ్యి మొలలో దోపుకోవాలి. బయటినుంచి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి, వీళ్ళకేమిటి ఇంత పొగరు, అందరూ చెయ్యి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు అనుకునేవాళ్ళు. పొగరు కాదయ్యా, వణుకు.

మేస్త్రి కబ్బన్‌పేటలో మగ్గాలవాళ్ళ ఇంట పుట్టినవాడు. వాళ్ళ ముత్తాతల నాటినుంచి ఈ ఊరే. నన్ను "ఏమప్పా" అనేవాడు. కోపం వచ్చినప్పుడు మాత్రం "రేయ్" అనేవాడు. పనిముట్టు కింద పడితే దాన్ని కళ్ళకద్దుకుని, తర్వాత పడేసినవాణ్ణి తిట్టేవాడు.

గదికి యజమాని ఒక రీసెర్చి స్కాలరు. గుంటూరు వైపు మనిషి. నా కంటే రెండు మూడేళ్ళు చిన్న. మా తెలుగు విని ఆయన నవ్వేవాడు, ఆయన తెలుగు విని మేము నవ్వేవాళ్ళం. నేను "యాడుండాది సార్" అంటే, "ఎక్కడుంది అనవయ్యా, నీ సొమ్మేం పోతుంది" అనేవాడు. "ఎక్కడుంది అనేలోగా అది యాడికో పోతుంది సార్" అనేవాణ్ణి.

వీళ్ళందరి మీదా ఒక పెద్ద ప్రొఫెసరు. ఇంగ్లండు సీమలో చాలా ఏళ్ళు ఎక్స్‌రే పని చేసి వచ్చినవాడు. మేము ఒక చెయ్యి జేబులో పెట్టుకుంటే ఆయన రెండు చేతులూ కోటు జేబుల్లోనే ఉంచేవాడు. ఎదురుపడి దండం పెడితే తల ఊపేవాడు తప్ప చెయ్యెత్తేవాడు కాదు. ఆయన వరండాలో వస్తుంటే నేను గోడలో కలిసిపోవడం నేర్చుకున్నాను.

స్కాలరు పట్టుకున్న చిక్కు ఏమిటో నాకు అర్థమైనట్టే చెబుతాను. ఒక వఠారం అనుకోండి. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు. రెండు వరసల్లోనూ ఇనప అణువులే కాపరం. ఒక వరస తూర్పుకు లాగితే ఎదుటి వరస పడమటికి లాగుతుంది. ఎక్కువమంది ఉన్న వరసదే పైచెయ్యి. ఆ మిగులు బలమే మనకు అయస్కాంతంగా కనబడేది. ఇప్పుడు ఈ వఠారంలోకి జింకును అద్దెకు తెస్తే? జింకు దేన్నీ లాగదు, ఉత్త సోమరి. సోమరివాళ్ళు చేరితే మొత్తం బలం తగ్గాలి కదా? తగ్గదు, పెరుగుతుంది అని మా స్కాలరు అనుమానం. సోమరి వెళ్ళి బలహీనమైన వరసలోనే దిగుతాడు, దాంతో ఎదుటి వరసకు అడ్డులేకుండా పోతుంది అని. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో ఎక్స్‌రే ఫిలిం చెప్పాలి. లాగుడు ఎంతో త్రాసు చెప్పాలి.

ఆ త్రాసు గొట్టానికి ఎడమపక్క బల్ల చివర ఉండేది. రెండు అయస్కాంతపు మొనల నడుమ, తలవెంట్రుక కంటే సన్నని గాజుపోగుకు ఆవగింజంత బిళ్ళముక్కను వేలాడదీయాలి. ఆ పని సంస్థ మొత్తంలో ఒకే ఒక్క చేతికి వచ్చు. అది మా స్కాలరు కుడిచెయ్యి. పోగును అతికించి, ముక్కను వదిలేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. మేమూ బిగబట్టేవాళ్ళం. ఫ్యాను ఆపాలి, తుమ్మకూడదు, నేను జోకు వేయకూడదు. తుమ్ము ఆపుకోవడమే తేలిక.

ఆ చెయ్యి మీద నాకూ ఒక హక్కు ఉండేది. మధ్యాహ్నం అన్నాల వేళ నేను హస్తసాముద్రికం చెప్పేవాణ్ణి. నాకు రాదు. రాకపోవడం వల్ల ఎవరికీ చెడు చెప్పేవాణ్ణి కాదు. ఒకసారి కుడిచేతికి తుప్పుపొడి అంటి ఉంటే స్కాలరు ఎడమచెయ్యి చాపాడు.

"అది ఆడోళ్ళకు సార్. మగోళ్ళకు కుడిచెయ్యే చూడాల" అన్నాను.

"రెంటికీ తేడా ఏమిటయ్యా? రెండూ నావేగా."

"ఎడమచెయ్యి జేబులో పెట్టుకునేదానికి ఇచ్చినాడు సార్ దేవుడు."

ఇక ఆయుధపూజ సంగతి. ఈ ఊళ్ళో ఆయుధపూజ అంటే గుడిలో పండగ కాదు, పనిచేసే చోట పండగ. బస్సుకు అరటిపిలకలు కడతారు, కుట్టుమిషనుకు బొట్టు పెడతారు. మా గదిలో మేస్త్రిది మరీ పట్టింపు. ఊడదీయడానికి వీలైన ప్రతి వస్తువూ ఊడిరావాలి, తోముకోవాలి, ఎర్రగుడ్డ పరిచిన పలక మీద చేరాలి. ఆకురాళ్ళు, సుత్తులు, స్పానర్లు, పటకార్లు, అన్నిటికీ గంధం, కుంకుమ, పైన సేవంతిపూలు. అలా పెట్టిన వస్తువులకు ఆ రోజంతా విశ్రాంతి. మర్నాడు పొద్దున హారతి ఇచ్చి కదిలించేదాకా ఎవరూ తాకకూడదు.

గొట్టానికి రెండు కిటికీలు ఉండేవి, గోళీకాయంత చిన్నవి. కుడి కిటికీ ముందు కెమెరా పెట్టేవాళ్ళం. ఎడమ కిటికీతో పని లేదు, దానికి సీసంతో పోసిన ఒక మూత ఎప్పుడూ బిగించి ఉండేది. నేను చేరినప్పటినుంచి అది ఊడగా చూడలేదు. ఆ ఏడు మేస్త్రి కన్ను దాని మీద పడింది.

"ఇన్నేండ్లయింది, పాపం దీనికి ఒక్కసారీ స్నానం లేదు" అని విప్పి, ఇసుకతో రుద్దాడు. నల్లగా చచ్చిపోయి ఉన్న సీసం కొత్త వెండిలా మెరిసింది. ఆయన ముఖమూ మెరిసింది. దాన్ని సుత్తికీ ఆకురాయికీ మధ్య కూర్చోబెట్టి బొట్టు పెట్టాడు. పండగరోజు గొట్టం నడవదు, ఇక మూతతో పనేముంది? అందులో తప్పేమీ కనబడలేదు, ఎవరికీ. స్కాలరు కూడా వచ్చి దండం పెట్టుకుని, బొరుగులూ పుట్నాలూ దోసిట్లో పోయించుకుని వెళ్ళిపోయాడు. మేము బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, తలుపు తాళం వేసి ఇళ్ళకు పోయాం.

మర్నాడు పొద్దున మేస్త్రి, నేనూ వచ్చి హారతి ఇచ్చాం. ఆయన ఒక్కొక్క పనిముట్టే కళ్ళకద్దుకుని నాకు అందిస్తున్నాడు. అప్పుడే స్కాలరు లోపలికి వచ్చాడు. చేతిలో తడి ఆరని ఫిలిం. ముఖం వెలిగిపోతోంది.

"నిన్నటి కరెంటుకు సాష్టాంగం చెయ్యాలయ్యా! మిల్లులన్నీ మూసేశారు కదా, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఒక్కసారీ వణకలేదు. చూడు, గీతలు ఎలా పడ్డాయో. నీ జింకు సోమరి ఏ ఇంట్లో ఉన్నాడో తెలిసిపోయింది!"

నేను ఫిలిం చూడడానికి ముందుకు వంగాను. వెనకనుంచి మేస్త్రి గొంతు వినిపించింది. అది మేస్త్రి గొంతులా లేదు.

"సామీ, నిన్న గొట్టం తిప్పినారా?"

"తిప్పాను. నా తాళంచెవితో తీసుకుని వచ్చా. పూలదండ తీసి మళ్ళీ జాగ్రత్తగా పెట్టేశాలే, మీ దేవికి కోపం రాదు."

"మీరు యాడ కూసోనుండారు?"

"ఎక్కడేమిటి? నా కుర్చీలోనే. బల్ల దగ్గర. కూర్చుని రాసుకుంటూ ఉన్నా."

మేస్త్రి అరచెయ్యి తెరిచాడు. అందులో కుంకుమబొట్టుతో సీసం మూత.

స్కాలరు దాన్ని చూశాడు. గొట్టం ఎడమవైపు చూశాడు. అక్కడ చిన్న గుండ్రటి కిటికీ, కనురెప్ప లేని కన్నులా, నేరుగా ఆయన బల్లవైపు చూస్తోంది. అది నిన్నంతా అలాగే చూస్తూ ఉండింది. వెలుగు లేదు, వేడి లేదు, వాసన లేదు. పులి అయితే కనీసం గాండ్రిస్తుంది.

నేను ఏదో ఒకటి అనాలి, అది నా డ్యూటీ. మూతను చూసినప్పుడు కాదు, నువ్వు నోరు మూసుకున్నప్పుడు నాకు నిజంగా భయం వేసిందని స్కాలరు తర్వాత నాతో అన్నాడు.

మేస్త్రి అలాగే నేల మీద కూలబడిపోయాడు. "నేనే తీసినాను సామీ. నేనే తీసినాను."

"ఉండండి" అన్నాడు స్కాలరు. గొంతు స్థిరంగానే ఉంది. ఎడమచెయ్యి మాత్రం దానంతటదే జేబులోకి పోయింది. "నా కుర్చీ వెనక అలమరలో వాడని ఫిలిం పొట్లం ఒకటి ఉంది. కిరణం అటు పోతే దాని మీద పడి ఉంటుంది. ముందు దాన్ని కడుగుదాం."

చీకటిగదిలో ముగ్గురం. ఎర్రదీపం కింద పళ్ళెంలో ఫిలిం. మామూలుగా అయితే నేను అక్కడ దెయ్యం కథలు చెప్పేవాణ్ణి. ఆ రోజు నీళ్ళ చప్పుడు ఒక్కటే. ముందు ఏమీ లేదు. తర్వాత ఒక మూల నలుపు పుట్టింది. అది గుండ్రంగా, పెద్దదిగా, బొగ్గులా చిక్కబడింది. కిరణం అలమరదాకా వచ్చిందన్నమాట. ఆ నల్లటి చక్రం నడుమ ఒక తెల్లటి ఆకారం మిగిలింది. పైన గుండ్రం, కింద సన్నని మెడ, దాని కింద విశాలంగా రెండు భుజాలు.

"తల" అన్నాను. అనుకున్నానో, పైకే అన్నానో తెలియదు. మేస్త్రి గోడవైపు తిరిగిపోయాడు.

స్కాలరు ఫిలింను పైకెత్తి దీపానికి దగ్గరగా పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"తల కాదు. మనిషి కదులుతాడయ్యా, అంతసేపు కదలకుండా ఎవరూ కూర్చోరు. కదిలేదాని నీడ నిలవదు. ఇది కదలనిది." ఫిలిం మీద వేలు చూపాడు. "ఇది నా సిరాబుడ్డి. నీడ కనుక పెద్దదిగా పడింది. ఈ పైనున్న గుండ్రం దాని మందపాటి మూతి."

నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. మేస్త్రి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "బుడ్డీనా సామీ! బుడ్డీకి ఏమయితే మనకేమి!"

కాసేపటికి మేమిద్దరమే నవ్వుతున్నామని తెలిసింది. స్కాలరు ఎర్రవెలుగులో తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

అది ముంచి రాసే కలాల కాలం. రెండు మూడు మాటలకొకసారి కలం సిరాలో ముంచాలి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆయన రాస్తూనే ఉన్నాడు.

మళ్ళీ గదిలోకి వచ్చాం. కొలతబద్ద చాలదని మేస్త్రి పూజకు తెచ్చిన పసుపుదారం తీశాడు. ఒక కొస గొట్టం కిటికీకి, రెండో కొస అలమరలో ఆ చక్రం అంచు పడ్డ చోటికి కట్టాం. పైన ఒకటి, కింద ఒకటి, పక్కల రెండు. కంటికి కనబడనిది పసుపురంగులో బల్ల మీదుగా వచ్చి నిలబడింది. నా జీవితంలో నేను చూసిన అతి భయంకరమైన వస్తువు ఆ నాలుగు దారాలే.

"కూర్చుంటాను, చూడండి" అని స్కాలరు కుర్చీలో కూర్చున్నాడు. మొహానికీ దారానికీ మధ్య జానెడు సందు. ఛాతీకి మరి కాస్త ఎక్కువే. నేను ఊపిరి వదిలాను. అప్పుడు ఆయన కలం తీసుకుని, రాస్తున్నట్టు నటించి, సిరాబుడ్డివైపు చెయ్యి చాపాడు. కలం పట్టిన చెయ్యి పసుపుదారాల నడుమకు సరిగ్గా దూరింది. మళ్ళీ వెనక్కు తీశాడు. మళ్ళీ చాపాడు.

"చాలు సామీ, చాలు, తీసేయండి" అని మేస్త్రి ఏడ్చాడు.

"ఏమీ కాకపోవచ్చు" అన్నాడు స్కాలరు. "అయితే ఇప్పుడే తెలియదు. కొన్ని వారాలు పడుతుంది. వెంటనే కాల్చదు ఇది. మనిషిని మరిచిపోనిచ్చి తర్వాత వస్తుంది."

అప్పటినుంచి నా హస్తసాముద్రికం బాగా పెరిగింది. రోజూ పొద్దున ఆయన రాగానే, "సార్, చెయ్యి. ఈ దినం గ్రహాలు ఎట్లుండాయో చూస్తాను" అనేవాణ్ణి. ఆయన కుడిచెయ్యి ఇచ్చేవాడు. నేను అరచెయ్యి చూస్తున్నట్టు వేలు ఆడిస్తూ, చెయ్యి వెనక్కు తిప్పి, గోళ్ళు, కణుపులు, మణికట్టు, అన్నీ వెతికేవాణ్ణి.

"ఏముందయ్యా?"

"విదేశయానం ఉండాది సార్. మీరు పోరు, మీ పెట్టె పోతుంది."

ఇద్దరం నవ్వేవాళ్ళం. నేను ఏం వెతుకుతున్నానో ఆయనకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు. మేస్త్రి మాత్రం ఆ తంతు అయ్యేదాకా తలుపవతల నిలబడి, నా ముఖం చూశాకే లోపలికి వచ్చేవాడు. ఇంట్లో అన్నం మానేశాడని, కబ్బన్‌పేటలో ప్రతి గుడికీ మొక్కుకున్నాడని ఆయన ఇల్లాలు మా ఆవిడతో చెప్పిందట. రాత్రిళ్ళు నాకూ అదే పని. నిద్రలో మా ఆవిడ చేతులు తిప్పి చూస్తున్నానని ఆమె భయపడి దిష్టి తీయించింది.

దీపావళి దగ్గరపడింది. ఒకరోజు పొద్దున స్కాలరు గదిలోకి వచ్చాడు. గొట్టం ఝుంకారం నడుస్తోంది. నేను కుర్చీ లాగి, "సార్, చెయ్యి" అన్నాను. ఆయన ఎడమచేత్తో కుర్చీ వెనక్కు జరుపుకుని కూర్చున్నాడు. ఎడమచేత్తో కాగితాలు సర్దాడు.

కుడిచెయ్యి జేబులో ఉంది.

ఆ గదిలో అన్నేళ్ళలో పనిచేసేవాళ్ళ కుడిచెయ్యి జేబులో ఉండగా చూడలేదు నేను. చెప్పక్కర్లేదు ఇక. వెళ్ళి గొట్టం స్విచ్చి ఆపేశాను.

"ఎప్పటినించి సార్?"

"మొన్నటినుంచి. టపాకాయ కాలిందని ఇంటివాళ్ళకు చెప్పా." బయటికి తీశాడు. చూపుడువేలు, నడిమివేలు, వాటి కింద చెయ్యి వెనకభాగం ఎర్రగా ఉబ్బి ఉంది. చర్మం మెరుస్తోంది. కలం పట్టుకునే చోటే.

ఆస్పత్రిలో డాక్టరు ఇలాంటిది తాను పుస్తకంలోనే చదివానన్నాడు. ఆ మాట మాకు ధైర్యం ఇవ్వలేదు.

ఇక ప్రొఫెసరుకు చెప్పక తప్పదు. "గొట్టం తిప్పింది నేను, చూసుకోనిది నేను. మీ పేరు రానివ్వను" అని స్కాలరు మేస్త్రితో అన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. "మూత తీసినోడు మేస్త్రి సామీ. పేరు లేకుండా యాడికి పోతాను?" అని, సీసం మూత గొట్టం నుంచి విప్పి పంచె కొంగులో కట్టుకుని బయల్దేరాడు. దాని మీది కుంకుమ ఇంకా పూర్తిగా పోలేదు. నన్ను కూడా రమ్మన్నారు, ఎందుకో తెలియదు. బహుశా గోడలో కలిసిపోవడానికి.

ప్రొఫెసరు మొత్తం విన్నాడు. స్కాలరు ఇంగ్లీషులో చెప్పాడు, మేస్త్రి కన్నడంలో చెప్పాడు. ఆయన కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని కిటికీ బయటికి చూస్తూ ఉన్నాడు. ఇప్పుడు అరుస్తాడు, మేస్త్రిని గేటు బయటికి పంపుతాడు, నన్ను కూడా పంపుతాడు అనుకుంటున్నాను. ఆయన మెల్లగా ఇటు తిరిగి, రెండు చేతులూ జేబుల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

అన్నేళ్ళు ఆ చేతులు ఎవరమూ చూడలేదు. గోళ్ళు నల్లగా, ఎండిన చెక్కలా చీలి ఉన్నాయి. వేళ్ళ మీద చర్మం పలచటి కాగితంలా ముడతలు పడి ఉంది. ఎడమచేతికి ఒక వేలు సగమే ఉంది.

నేను పొగరనుకున్నది అది.

ఆయన మేస్త్రిని తిట్టలేదు. కన్నడంలో ఒక్క మాట అన్నాడు, మాకు సీమలో ఆయుధపూజ లేదు, అయినా ఇలాగే అయింది అని. తర్వాత స్కాలరు చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నేను చూసే చూపు కాదు అది. ఆయనకు నిజంగానే చదవడం వచ్చు.

ఆ తర్వాతి రోజులు నేను తలుచుకోదలచుకోలేదు. పొక్కులు వచ్చాయి, పగిలాయి, మానినట్టే మాని మళ్ళీ పగిలాయి. రెండు వేళ్ళు తీసేస్తారేమోనన్న మాట ఒకసారి డాక్టరు నోట వచ్చింది. ఆ వారం నేను ఒక్క జోకూ వేయలేదని వరండాలో జనం గదిలో ఎవరో పోయారనుకున్నారు. చివరికి వేళ్ళు నిలిచాయి. నిలిచాయంతే. చూపుడువేలు వంగదు, దాని కొసకు స్పర్శ లేదు. అన్నం కలుపుకోవచ్చు, తలుపు తీయొచ్చు. గాజుపోగును పట్టుకోవడం మాత్రం జరిగే పని కాదు.

జింకు బిళ్ళ అలాగే సీసాలో ఉంది. దాని ఫిలిం ఉంది. సోమరి ఏ వరసలో దిగాడో తెలుసు. త్రాసు మాట చెప్పకపోతే అది సగం సాక్ష్యమే. మిగతా సగం తేవాల్సిన వేళ్ళకు ఇక ఆ పని రాదు. ఇంకెవరిచేతనైనా ముక్కను వేలాడదీయిద్దామని ప్రొఫెసరు ఇద్దరిని పంపాడు, పోగులు తెంపి పోయారు.

ఆ ఎండాకాలమంతా స్కాలరు ఒక మూల కూర్చుని ఎడమచేత్తో ఏదో చేస్తుండేవాడు. మొదట చొక్కా గుండీలు. తర్వాత సూదిలో దారం. తర్వాత మా మేస్త్రి మగ్గం నుంచి తెచ్చిన పట్టుపోగులు. తెగితే ఇంకోటి. మేస్త్రి కండెలకు కండెలు తెచ్చి పోసేవాడు, అదొక్కటే ఆయన చేయగలిగిన ప్రాయశ్చిత్తం.

వానలు మొదలైన ఒక రోజు, "ఫ్యాను ఆపవయ్యా" అన్నాడు.

ఆపాను. మేస్త్రి తలుపు మూశాడు. ఆయన కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచింది, గాజుపోగును పట్టుకుంది. ఆగింది. ఆవగింజంత నల్లముక్క కొసకు అంటుకుంది. ఆయన వేళ్ళు వదిలాడు. నేను ఊపిరి ఎంతసేపు బిగబట్టానో తెలియదు, కళ్ళముందు చుక్కలు కనబడ్డాయి.

అయస్కాంతానికి కరెంటు ఇచ్చాను. ముక్క ఒక్క క్షణం ఆలోచించినట్టు నిలబడి, పక్కకు జరిగిపోయింది. ఉత్త ఇనప తుప్పు బిళ్ళ ఎంత లాగిందో చూపే గీత పైనున్న కొలతబద్ద మీద ఉంది. ఇది ఆ గీత దాటి పోయింది.

"పెరిగింది" అన్నాడు స్కాలరు. అరవలేదు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రి త్రాసుకు దండం పెట్టాడు. ఈసారి దేన్నీ ఊడదీయలేదు. ఆ తర్వాత ఏటేటా ఆయుధపూజకు సీసం మూతకు గొట్టం మీదనే బొట్టు పెట్టేవాడు, ఎడమచెయ్యి మొలలో దోపుకుని.

"సార్, చెయ్యి" అని ఎన్నో నెలలుగా అనలేదు నేను. ఈసారి ఆ మాట స్కాలరే ఎత్తాడు.

"ఏమయ్యా, జాతకం చెప్పడం మానేశావే?" అని చెయ్యి చాపాడు. ఎడమచెయ్యి.

"మగోళ్ళకు కుడిచెయ్యి చూడాల సార్" అన్నాను.

"దాని సంగతి మనిద్దరికీ తెలుసుగా. దీనిది చెప్పు. ఇది కొత్తది."

పట్టుకున్నాను. వేళ్ళ కొసలనిండా పట్టుపోగులు కోసిన సన్నని గాట్లు. అలవాటుకొద్దీ చెయ్యి వెనక్కు తిప్పి, గోళ్ళు, కణుపులు, మణికట్టు, అన్నీ వెతికాను. ఎర్రదనం ఎక్కడా లేదు.

"ఏముంది?"

"ఏమీ లేదు సార్" అన్నాను. నేను చెప్పిన జాతకాల్లో నిజమైంది అదొక్కటే.